చిట్టి మీద వేసిన జోకు గురించి

ఒరేయ్ చిన్నోడా,

ఇదంతా ఫోన్లోనే చెబుదామనుకున్నాను. ఫోన్లో అయితే మధ్యలో నువ్వు ఏదో ఒకటి అంటావు, నేను నవ్వేస్తాను, అసలు సంగతి పక్కకి పోతుంది. మన ఇంట్లో చాలా సంగతులు అలాగే పక్కకి పోయాయి. అందుకని పొద్దున్నే కాఫీ తాగి కూచుని టైపు చేస్తున్నా. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకో, కండక్టరు రాత అనుకో.

మొన్న కనుమ రోజు మధ్యాహ్నం గుర్తుందా? భోజనాలయ్యాయి, వసారాలో ఇరవై మందిమి తలా ఒక చోట వాలాం. ఎవరో చిట్టిని పిలిచి లెక్కల్లో ఎన్ని వచ్చాయమ్మా అని అడిగారు. పిల్ల నోరు తెరిచేలోపే నువ్వు అందుకున్నావు. "మా అమ్మాయి కెప్టెన్ అండీ, పాతిక్కి సరిగ్గా పదకొండు మందిని దింపింది, పన్నెండో వాడు కూడా దండగ అనుకుంది" అన్నావు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు, జోకు బాగానే పేలింది. చిట్టి కూడా నవ్వింది. అది నవ్వడం చూసి నువ్వు సరేలే అనుకుని ఉంటావు.

ఓ పావుగంటకి పళ్ళసెట్టు కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే నీళ్ళ ట్యాంకు వెనకాల కూచుని ఉంది. ఏడవడం అయిపోయాక ముక్కు తుడుచుకుంటారు చూడు, అలా ఉంది. నేనేమీ అడగలేదు, పక్కన గట్టు మీద కూచున్నాను. కాసేపటికి అదే అడిగింది, "పెద్ద తాతయ్యా, నాన్న నీ మీద కూడా జోకులేస్తాడా?" అని. వేస్తాడమ్మా, నా బట్టతల మీద వాడు వెయ్యని జోకు లేదు, నేనూ వాడి పొట్ట మీద తిరిగి వేస్తాను, లెక్క సరిపోతుంది అన్నాను. అది కాస్త ఆలోచించి, "నేను తిరిగి వేస్తే పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి అదేనా అంటాడు" అంది.

పదకొండేళ్ళ పిల్ల. నేను ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేర్చుకోలేనిది ఒక్క ముక్కలో చెప్పేసింది.

రాత్రి నీతో ఈ సంగతి కదిపితే, "జోక్ చేశానంతే పెదనాన్నా, దానికి సెన్సాఫ్ హ్యూమర్ తక్కువ" అన్నావు. ఒరేయ్, వాళ్ళ నాన్న పోలిక వచ్చి ఆ పిల్లకి కావాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. తిరిగి అనే చోటు లేదు, అంతే.

నా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చాక మన ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడించేవాళ్ళు. తెల్ల పంచెలు కలిపి కట్టిన తెర, వెనక దీపాలు, తెల్లవార్లూ రామాయణం. పిల్లలం మేలుకుని ఉండేది రాముడి కోసం అనుకునేరు, మా ధ్యాసంతా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడి మీదే. యుద్ధం మంచి రసపట్టులో ఉండగా వాళ్ళు ఊడిపడి, ఊళ్ళో అప్పులిచ్చేవాడి దగ్గర్నుంచి మునసబు దాకా అందర్నీ ఆడేసుకునేవాళ్ళు. మునసబు ముందు వరసలో మంచం వేయించుకుని కూచుని తనూ నవ్వేవాడు, నవ్వక చస్తాడా. కేతిగాడు ఇంతే ఉంటాడు, అందరి చేతా తన్నులు తింటాడు, అందుకని వాడు ఎవర్నేమన్నా చెల్లేది. అదే మాట రావణాసురుడి బొమ్మ వచ్చి కేతిగాణ్ణి అంటే పిల్లలు నవ్వరు, అమ్మ ఒళ్ళోకి జరుగుతారు.

ఇంట్లో తండ్రి ఎంత సరదా మనిషైనా రావణాసురుడంత బొమ్మేరా. ఫీజు కట్టేది నువ్వు, ఫోన్ చేతికిచ్చేదీ లాక్కునేదీ నువ్వు, గొంతు పెద్దది నీది, టూరు ప్రోగ్రెస్ కార్డు చూశాకే ఖాయం చేసేది నువ్వు. అంతటివాడు నోరు తెరిచి ఒక మాటంటే అది జోకో తీర్పో పిల్లలకి చప్పున తెలియదు. నవ్వేస్తే గండం గడుస్తుంది కదా అని నవ్వేస్తారు. ఆ నవ్వు చూసి నువ్వు మోసపోవద్దు. ఇంట్లో నవ్వులుండాలంటే ఆ బొమ్మ అప్పుడప్పుడూ తనంతట తను తెర మీద చిన్నదై పోవాలి.

ఇంకొకటి కూడా ఉంది, ఇందులో తప్పంతా నీదే అనను. మనవాళ్ళలో ఎవరు ఎవరితో పరాచికాలాడొచ్చో పూర్వం ఒక లెక్క ఉండేది. బావా మరదళ్ళు, వదినా మరదళ్ళు, తాతా మనవలు, మేనమామా మేనల్లుడు, వీళ్ళు ఎంతైనా అనుకోవచ్చు. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళు పాటలు కట్టి మరీ తిట్టుకునేవాళ్ళు. ఆ లెక్కలో తండ్రి ఎక్కడా లేడు. తండ్రి వీధి అరుగు మీద గంభీరంగా కూచోవాలి, దగ్గితే ఇల్లంతా సర్దుకోవాలి. నవ్వు నాలుగు విధాల చేటు అని సామెత పెట్టుకుని మరీ బతికారు. మీ తరం వచ్చి పిల్లలతో స్నేహితుల్లా ఉంటాం అన్నారు, మంచిదే, నాకు ఇష్టమే. కానీ ఎలా ఉండాలో మీకు చూపించినవాళ్ళు లేరు, సినిమాల్లో కమెడియన్‌ని నెత్తి మీద కొడితే నవ్వడం ఒక్కటే చూసి నేర్చుకున్నారు.

మన ఇంట్లో మాత్రం ఒకాయన ఉండేవాడు. మీ తాత. నీకు ఆయన ముసలివాడిగానే గుర్తు, నాకు బాగా తెలుసు. మూడెకరాల మాగాణి, రెండున్నర ఎకరాల అప్పు. అప్పులాయన వీధిలో కనపడితే తప్పుకునే రకం కాదు, తనే ఎదురెళ్ళి, "ఏమండీ, మీ పొలం ఈ ఏడు బాగా పండింది, కూలి నాకేమన్నా ఇప్పిస్తారా" అనేవాడు. ఆయన కూడా నవ్వి, వాయిదా ఇచ్చి పోయేవాడు. ఎప్పుడూ తన మీదే, తన బట్టతల మీద, తన గురక మీద, తను సైకిల్ నేర్చుకోబోయి కాలవలో పడ్డం మీద. ఆ కాలవ కథ మాకు వందసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా కాలవ కాస్త లోతయ్యేది. మా అమ్మ పక్కనుంచి, "పోయినసారి మోకాలిలోతే అన్నావు" అనేది, ఆయన "అప్పుడు కాలవ కట్టేశారే, ఇప్పుడు నీళ్ళు వదిలారు" అనేవాడు. ఇంట్లో అందరికీ ఆయన్ని అనే హక్కుండేది, అయిదేళ్ళ మీ నాన్నతో సహా.

1977 నవంబరు 19, తుఫాను. నాకు ఇరవై రెండేళ్ళు, మీ నాన్నకి పద్నాలుగు. కార్తీక మాసం, చేలు కోతకొచ్చి ఉన్నాయి. మనది రేపల్లె వైపు లోపలి ఊరు కాబట్టి ఉప్పెన నీళ్ళు మన దాకా రాలేదు, గాలి వచ్చింది. అలాంటి గాలి మళ్ళీ చూడలేదు, చూడొద్దు కూడా. తాటాకిల్లు మనది. ముందు చూరు లేచింది, తర్వాత కప్పు కప్పంతా ఒక్క ఊపున లేచి ఎటు పోయిందో పోయింది. అందరం ధాన్యం గాదె పక్కన గోడకి అతుక్కుని తడుస్తున్నాం. మా అమ్మ గట్టిగా రామనామం చెబుతోంది, మీ నాన్న నా చొక్కా పట్టుకుని వణుకుతున్నాడు. అప్పుడు ఆ చీకట్లో మీ తాత గొంతు, "ఏమే, ఇల్లు ఇరుకు, గాలాడదు, గాలాడదు అని పెళ్ళైన దగ్గర్నుంచి చంపుతున్నావు, చాలా, ఇంకా కావాలా?" మా అమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఆయన్ని తిట్టింది. మీ నాన్న చెయ్యి నా చొక్కా మీద కాస్త వదులైంది. అది నాకు ఇప్పటికీ తెలుస్తుంది, ఈ పక్క భుజం దగ్గర.

తెల్లారింది. మా మేనత్త వాళ్ళది ఏటి అవతల దివిసీమ. ఇప్పుడు మీరు కారులో దాటే పెనుమూడి-పులిగడ్డ వంతెన అప్పటికి లేదు, పడవలే. పడవలు తిరగడం మొదలుపెట్టగానే ఆయనా మరో నలుగురూ వెళ్ళారు. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మేనత్త దొరకలేదు. మీ తాత వారం తర్వాత తిరిగొచ్చి, అరుగు మీద కూచుని, సంక్రాంతి దాకా ఒక్క పరాచికం ఆడలేదు. ఎవరైనా నవ్వించబోయినా లేచి చేలోకి పోయేవాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ కప్పు లేచిపోయిన కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు గానీ, కథ ఎప్పుడూ ఆ రాత్రితో ఆగిపోయేది, తెల్లవారేది కాదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీకు ఆ రెండోది, ఎప్పుడు జోకు వెయ్యకూడదో తెలియడం, ఇంకా రాలేదు. పోయిన ఏడాది మీ ఆవిడ ఆఫీసులో జనాన్ని తీసేస్తున్నారట, నా పేరు కూడా ఉంటుందేమో అని టెన్షన్ పడుతూ చెబుతుంటే, "పోన్లే, ఇంట్లో పనిమనిషి ఖర్చు మిగులుతుంది" అన్నావట కదా. ఆ అమ్మాయి నాతో ఫిర్యాదుగా చెప్పలేదు, మాటల్లో వచ్చింది. నీకు భయం వేసిందని నాకు తెలుసు, ఈఎంఐలు కళ్ళ ముందు తిరిగి ఉంటాయి, భయం వేస్తే నీ నోరు అటే పోతుంది. కానీ మీ తాత చీకట్లో వేసిన జోకు అవతలివాళ్ళ భయం తగ్గించడానికి, నువ్వు వేసింది నీ భయం కనపడకుండా ఉండటానికి. అవతలి మనిషి మాట పూర్తి చేసేదాకా ఆగు. ఏం చేద్దాం అని అడుగు. ఆ తర్వాత జోకు వస్తే రానీ, అప్పుడు దానికి ఆ అమ్మాయే నీకంటే ముందు నవ్వుతుంది. కోనసీమ పిల్ల, వెటకారం వాళ్ళ ఇళ్ళల్లో మంచినీళ్ళతో పాటు పోస్తారు. మీ మావగారు "ఆయ్, అల్లుడుగారు చెప్పాక తప్పుద్దేంటండి" అంటే అందులో పొగడ్త ఎంతో చురక ఎంతో ఇప్పటికీ నాకు అంతు పట్టదు. కానీ చూశావా, వాళ్ళింట్లో ప్రతి మాటకీ ఎదురు మాట ఉంటుంది, ఎవరూ ఊరికే తినరు.

ఆ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే పెళ్ళాల జోకులు కూడా భోజనాల దగ్గర చదివి వినిపించడం మానెయ్. అవన్నీ ఒకటే జోకురా, పేర్లు మార్చి నలభై ఏళ్ళ నుంచి తిరుగుతోంది. నేను బస్సులో కూడా విన్నాను.

బస్సంటే గుర్తొచ్చింది, ఇక నా సంగతి. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను అనుకో.

1979లో కండక్టరుగా చేరి 2013లో దిగేదాకా నా నోటికి టికెట్ లేదు. రెండు రూపాయల టికెట్‌కి వంద నోటిస్తే, "టికెట్ కొంటావా, బస్సు కొంటావా" అనేవాణ్ణి. అయిదేళ్ళు దాటితే అర టికెట్టు కదా, మీసం మొలిచిన వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని అయిదేళ్ళేనండీ అనే తల్లులుండేవాళ్ళు, "అమ్మా, ముందు మీసం పుట్టి తర్వాత మీవాడు పుట్టాడా" అనేవాణ్ణి. బస్సంతా గొల్లుమనేది. రోజూ వచ్చేవాళ్ళు నా డ్యూటీ ఎప్పుడో కనుక్కుని ఆ బస్సే ఎక్కేవాళ్ళు. సాయంత్రానికి ఒళ్ళు హూనం, కానీ తల నిండా ఆ నవ్వులే. అదే నోరు వేసుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

మీ అన్నయ్యకి చిన్నప్పుడు నత్తి ఉండేది, నీకు గుర్తుండదు. "ప" దగ్గర ఆగిపోయేవాడు. వాళ్ళ అమ్మమ్మ ఊరు పొన్నూరు. సెలవుల్లో ఎక్కడికెళ్తావురా అని ఎవరైనా అడిగితే పొ, పొ, అని మొహం ఎర్రగా చేసుకుని నిలబడేవాడు. నేను, "ఒరే, నువ్వు పొన్నూరు అనేలోపు బస్సు బాపట్ల దాటిపోద్ది" అన్నాను. ఇల్లంతా నవ్వారు. నాకు తెలిసిన మంచి జోకుల్లో అదొకటి, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ నిజం. అందుకని మళ్ళీ మళ్ళీ వాడాను. చుట్టాల ముందు, వాడి స్నేహితుల ముందు, ఒకసారి నా బస్సులోనే వాడు కూచుని ఉండగా. కొన్నాళ్ళకి వాడు పొన్నూరు అనడం మానేసి నిడుబ్రోలు అనడం మొదలుపెట్టాడు. పొన్నూరు రైల్వే స్టేషన్ పేరు అదే కదా. నేను దానికి కూడా నవ్వాను, "రైలెక్కాడురా మావాడు" అన్నాను.

బస్సులో మనం ఎవణ్ణి ఏమన్నా వాడు వాడి స్టేజీ రాగానే దిగిపోతాడు. ఇంట్లోవాళ్ళు ఎక్కడ దిగుతారు? వాడు దిగలేక లోపలికి పోయాడు. పదో తరగతికొచ్చేసరికి నాతో మాట్లాడేది తగ్గిపోయింది, ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక ఫోన్లు. బాగున్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, అమ్మకివ్వు. నలభై సెకన్లు. మీ పెద్దమ్మతో మాత్రం అరగంట. నువ్వు ఒకసారి నన్ను అడిగావు, అన్నయ్య నీతో అంత తక్కువ మాట్లాడతాడేంటి పెదనాన్నా అని. వాడి స్వభావం అంతే అన్నాను. వాడి స్వభావం కాదు.

మీ నాన్న ఉన్నాడు చూడు. నీ చిన్నప్పుడు ఎప్పుడూ అంటుండేవాడివి, మా నాన్న కంటే పెదనాన్న సరదా అని. నిజమే, మా తమ్ముడు ఎవర్నీ నవ్వించిన మనిషి కాదు, జోకు చెబితే చివర ముందే చెప్పేసేవాడు. కానీ ఇంటర్‌లో నువ్వు ఫిజిక్స్ పోగొట్టుకుని వచ్చిన రోజు వాడు ఏం చేశాడో నీకు గుర్తుందా? ఏమీ అనలేదు, సైకిలేసుకుని వెళ్ళి పునుగులు కట్టించుకొచ్చి నీ ముందు పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను, ఒక మంచి జోకు నాలిక చివరదాకా వచ్చింది, వాడు నా వైపు ఒక చూపు చూశాడు, మింగేశాను. వాడు నిన్ను నవ్వించలేదేమో గానీ నీ మీద ఎప్పుడూ నవ్వలేదు. నువ్వు నన్ను చూసి నేర్చుకున్నది చాలు, ఇకనుంచి కొంచెం మీ నాన్నని చూసి నేర్చుకో.

సరే, మరి ఏం చెయ్యాలి అంటావు. జోకులు మానేసి మొహం గంటు పెట్టుకుని కూచోమని నేను అనటం లేదు, నువ్వు మానలేవు, మానితే ఆ ఇల్లు బావుండదు కూడా. చిట్టి చిన్నప్పుడు నువ్వు అన్నం పెడుతూ "పెరుగు వేసుకో, పెరుగు" అనేవాడివి. ఎవరి నాన్నైనా వేసే పాత జోకే. అది మూడేళ్ళప్పుడు నవ్వేది, ఏడేళ్ళప్పుడు అబ్బా నాన్నా అని తల కొట్టుకునేది, ఓ రోజు ఏమందో గుర్తుందా, "నువ్వు రోజూ తింటున్నావు, నీకు పొట్ట ఒక్కటే పెరుగుతోంది" అంది. నువ్వు ఆ రోజు కుర్చీలోంచి పడినంత పని చేసి నవ్వావు, నాకు ఫోన్ చేసి మరీ చెప్పావు. అదిరా కావలసింది. అదే ఆట మళ్ళీ మొదలుపెట్టు. పాడు జోకులు వెయ్, పాతవి వెయ్, అది విసుక్కుంటుంది, విసుక్కోనీ, విసుక్కోవడం కూడా ఆ ఆటలో దాని వంతే. దాని వంతు దానికి రావాలి, అంతే.

దాని మార్కులు, ఒళ్ళు, రంగు, మొటిమలు, దాని స్నేహితులు, ఇవి నీ సరుకు కాదు. ఇంకో రెండేళ్ళలో దానికి ఇవే ప్రపంచం అవుతాయి, బయట వెక్కిరించేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మీ అత్తవారి తరఫు పెట్టుపోతలు, మీ ఆవిడ కారు నడపడం కూడా వద్దు. ఇవన్నీ తీసేస్తే ఇంకేం మిగిలింది పెదనాన్నా అనకు. నువ్వు మిగిలావు. ఒళ్ళంతా సరుకే. కానీ ఒక జాగ్రత్త, మన మీద మనం వేసుకునే జోకులు కూడా పుల్లగా మారతాయి, "నేనెందుకూ పనికిరాను లే, నా బతుకింతే" అని రోజూ అంటుంటే పిల్లలకి నవ్వు రాదు, గుబులు పుడుతుంది. మీ తాత కాలవలో పడ్డం చెప్పేవాడు గానీ అప్పు గురించి పిల్లల ముందు ఏడుపు నవ్వు నవ్వేవాడు కాదు.

మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడు, పరాచికం, వేళాకోళం, వెటకారం, ఎకసెక్కం, ఎగతాళి, హేళన. ఒక్కో మెట్టు దిగుతూ పోతుంది. దిగేటప్పుడు మనకి తెలియదు, అన్నీ నవ్వులే కాబట్టి. తెలుసుకోవడానికి నేను పట్టుకున్న గుర్తు ఒకటే, జోకు వేసిన తర్వాత నవ్వుతున్నవాళ్ళ వైపు చూడకు, ఎవరి మీద వేశావో వాళ్ళ వైపు చూడు. నవ్వు కళ్ళదాకా వచ్చిందా, మూతి దగ్గరే ఆగిందా. నేను బస్సులో వెనక సీటు దాకా ఎంతమంది నవ్వారో చూసుకునేవాణ్ణి, ముందు సీట్లో మొహం మాడిపోయినవాడు కనపడేవాడు కాదు.

ఇంకా, ఇంట్లో మీ ముగ్గురికే అర్థమయ్యే మాటలు నాలుగు పెంచుకోండి. మా ఇంట్లో పాత కుక్కరు ఉండేది, ఎంతకీ కూత వెయ్యదు, మీ పెద్దమ్మ దానికి రేపల్లె ప్యాసింజర్ అని పేరు పెట్టింది. "ప్యాసింజర్ వచ్చిందా?" "ఇంకా తెనాలిలోనే ఉందట, క్రాసింగు." ఆ కుక్కరు పోయి పదిహేనేళ్ళయింది, ఇప్పటికీ అన్నం ఆలస్యమైతే అదే మాట. దీంట్లో ఎవరి మొహం మాడదు, బయటివాళ్ళకి చెబితే నవ్వు కూడా రాదు. ఇల్లంటే అలాంటివి ఓ పది పోగవడమే అనిపిస్తుంది నాకు ఒక్కోసారి.

ముందు చెయ్యాల్సిన పని మాత్రం ఇది. చిట్టికి క్షమాపణ చెప్పు. మళ్ళీ ఇంకో జోకుతో కాదు, ఐస్‌క్రీమ్‌తో కాదు. "కనుమ రోజు అందరి ముందూ నీ మార్కుల మీద నేనన్న మాట తప్పమ్మా" అని, అంతవరకే. "కానీ నువ్వు కూడా చదవాలి కదా" అని తోక తగిలించావో, చెప్పనట్టే. లెక్కల సంగతి వేరే రోజు వేరే పూట చూసుకో, వీలైతే పక్కన కూచుని చెప్పు. మాట అన్నది నలుగురిలో కాబట్టి, ఉగాదికి మళ్ళీ అందరం కలిసినప్పుడు నీ నోటితో నువ్వే ఒకసారి అను, ఆ రోజు నేను తేలిక మాటన్నాను అని. దానికి అంత అవసరమా అనిపిస్తుంది నీకు. అవసరం. క్షమించావా అని పిల్లని నిలదీయకు, నవ్వు నవ్వు అని చక్కిలిగింతలు పెట్టకు. వారం పట్టినా నెల పట్టినా ఊరుకో. ఏదో ఒక రోజు అన్నం తింటూ నీ మీద ఒక మాట విసురుతుంది. అప్పుడు "అమ్మయ్య, కోపం పోయిందా" అనకు, మామూలుగా నవ్వి, పెరుగు వేసుకో.

పోయిన నెల నేనూ మీ అన్నయ్యకి ఫోన్ చేశాను. అమ్మకివ్వు అనేలోపే చెప్పేశాను, పొన్నూరు మాట. కాగితం మీద రాసుకుని చూసి చెప్పాను, నవ్వకు, నాకు గొంతు పట్టేస్తుందని భయమేసింది. అవతల చాలాసేపు ఏమీ లేదు, లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ" అన్నాడు. నేనేమీ అనలేదు. వాడూ పెట్టెయ్యలేదు. కాసేపటికి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాడు, ఏ కంపెనీది, ఎన్ని ఎమ్జీ, పొద్దునా రాత్రా, ఎప్పుడూ అడగనివన్నీ అడిగాడు. పెట్టేశాక ఫోన్లో చూసుకుంటే ఆరు నిమిషాలు.

నీకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు, చిట్టికి పదకొండు. నా అంత ఆలస్యం చెయ్యకు.

వేసవి సెలవులు ఇవ్వగానే దాన్ని ఇక్కడికి పంపించు. ముంజలు దిగుతాయి, లేతవి ఏరి పెట్టించమని మన తాళ్ళు గీసే అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచుతాను. నా బట్టతల మీద దానికి కొత్తది ఏదో తట్టిందట. ఫోన్లో చెప్పమంటే చెప్పనంది, ఎదురుగా కూచోబెట్టుకుని అందరి ముందూ చెబుతుందట. మీ పెద్దమ్మ అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

ఉంటాను,
మీ పెదనాన్న